చప్పుడు చేయని డీజిల్ రేసు కారు | నాన్న అడిగిన వీడియో | ఇంగోల్‌స్టాట్ వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బావున్నారా? ఇవాళ ఆదివారం. ఇక్కడ జర్మనీలో ఆదివారం షాపులు బంద్, డ్రిల్లింగ్ బంద్. ఖాళీ సీసాలు వీధి చివర డబ్బాలో వేయడం కూడా బంద్, గలగలమంటాయని. పొద్దున్నే పెసరట్టు పిండికి మిక్సీ వేశానో లేదో, కింద ఫ్లోర్ ఆవిడ కర్రతో సీలింగ్ పొడవడం మొదలుపెట్టింది. నానబెట్టిన పెసలు సగం నలిగి అలాగే ఉన్నాయి. సాయంత్రం వాటితో వడలు వేయాలి, అది వేరే కథ.

ఇవాళ్టి వీడియో నాన్న కోసం. ఆయనకి విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్ల డీజిల్ పంపులు, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు రిపేరు చేసే షాపుందని పాత సబ్‌స్క్రైబర్లకి తెలుసు. "ఆడీ కంపెనీ ఊళ్లో ఉండి ఎప్పుడూ సూపర్ మార్కెట్టే చూపిస్తావేంటమ్మా" అన్నారు. వ్యూస్ వచ్చేది సూపర్ మార్కెట్‌కే నాన్నా! అయినా కూతుర్ని కదా, వచ్చాను. ఈ ఫ్యాక్టరీకి ఏకంగా ఒక రైల్వే స్టేషనే ఉంది, పేరు 'ఇంగోల్‌స్టాట్ ఆడీ'. మనం మాత్రం బస్సులో వచ్చాం, పాస్ ఉంది కాబట్టి.

ఇదీ మ్యూజియం. అటు చూడండి, తిరునాళ్లలో రంగులరాట్నంలా కార్లన్నీ లిఫ్టులో పైకీ కిందకీ ఆగకుండా తిరుగుతున్నాయి. ఇక్కడే నిలబడితే రోజు గడిచిపోతుంది. మనం వచ్చింది దీని కోసం: ఆడీ ఆర్10 టీడీఐ. ఎత్తు ఇంచుమించు నా నడుం దాకానే. వెనక 5.5 లీటర్ల వి12, అంటే పన్నెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, పొగ జోరుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి ఎక్కించే టర్బోలు రెండు, 650 హార్స్ పవర్. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 1100 న్యూటన్ మీటర్ల పైనే, అంటే మన పెద్ద టిప్పర్లలో ఉండేంత.

ఫ్రాన్స్‌లో ల మాన్ అనే ఊళ్లో ఏటా 24 గంటల రేసు జరుగుతుంది. ఒక్కో కారుని ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా పగలూ రాత్రీ నడుపుతారు. 2006లో ఈ మోడల్ కారుతో ఫ్రాంక్ బీలా, ఎమాన్యుయెలే పిరో, మార్కో వెర్నర్ గెలిచారు. డీజిల్ కారు ఆ రేసు గెలవడం అదే మొదటిసారి. 380 రౌండ్లు, 5,187 కిలోమీటర్లు. విజయవాడ నుంచి ఢిల్లీ వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ ఢిల్లీ దగ్గర పడేంత దూరం, ఒక్క రోజులో. ట్యాంకు 90 లీటర్లు. మా వీధి బంకులో లీటరు 1.60 యూరోలు. ఆ లెక్కన ట్యాంకు ఫుల్ చేస్తే 144 యూరోలు, యూరోకి వంద చొప్పున వేసుకున్నా 14,400 రూపాయలు. అది కూడా మామూలు డీజిల్ ధరకి.

నాన్నకి వీడియో కాల్ చేసి ఇవన్నీ చెప్తే ఊఁ కొట్టారంతే. "సౌండ్ ఎలా ఉంటుంది?" అన్నారు. సౌండ్ లేదు నాన్నా, అదే దీని గొప్ప. పెట్రోల్ రేసు కార్లు చెవులు పగలగొడుతుంటే ఇది సుయ్‌మని గాలి కోసుకుంటూ పోయేది. ఎగ్జాస్ట్‌లో జోరంతా టర్బోలు లాగేసుకుంటాయి, ఆపైన మసిని పట్టే ఫిల్టర్లు అడ్డం, ఇంజిన్ తిరిగేదీ తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే. లోపల డ్రైవర్‌కి కూడా గాలి హోరులో ఇంజిన్ సరిగ్గా వినబడదు, అందుకని లైట్లు చూసి గేరు మార్చేవాళ్లు.

"లైట్లు చూసి గేరు మార్చేవాడు డ్రైవరా?" అన్నారు నాన్న.

ఆయన లెక్క ఆయనది. రోడ్డు మీద లారీ ఆగకముందే, చప్పుడు విని ఎన్నో నాజిల్ తేడా కొడుతోందో చెప్పేస్తారు. ఈ ఊళ్లో ఆయనొక్క రోజు కూడా ఉండలేరు. నిజం చెప్పాలంటే రాత్రి నిద్ర పట్టకపోతే నేను నాన్న షాపు నుంచి పంపిన పాత వాయిస్ మెసేజ్‌లు పెట్టుకుంటాను, ఆయన మాటల వెనక సుత్తి దెబ్బలు, హారన్లు వినిపిస్తాయని. సరే సరే, ముందుకెళ్దాం.

కాపుచినో 4 యూరోలు. 400 రూపాయలకి షాపు మొత్తానికి టీలు వచ్చేస్తాయి.

2006 నుంచి 2014 దాకా ల మాన్‌లో ప్రతి ఏడూ డీజిల్ కారే గెలిచింది, 2009లో ఒక్కసారి ఫ్రెంచ్ కంపెనీ పెజో, మిగతావన్నీ ఆడీ. 2015లో ఆడీ ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు డీజిల్ కార్ల పొగ టెస్టుల మోసం బయటపడింది, 2016తో ఆడీ ఆ రేసే మానేసింది. రేసులో నిజంగా సాధించినదాన్ని కూడా ఆ మోసం మసకబార్చిందని నా బాధ.

నాన్నని లేచి కూర్చోబెట్టింది మాత్రం నాజిల్. షాపులో టెస్టర్ మీటరు మీద ప్రెషర్ 200 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దగ్గరికి రాగానే నాజిల్ చుయ్‌మని పొగమంచులా కొడుతుంది. "చెయ్యి అడ్డం పెట్టకు, చర్మంలోకి దిగిపోతుంది" అని చిన్నప్పుడు ఎన్నిసార్లు అరిచారో. ఈ కారులో ఆ ప్రెషర్ 1600 బార్ పైన. చెప్పగానే "పదహారు వందలా!" అని కళ్లజోడు సర్దుకున్నారు.

ఇంకో మాట కూడా చెప్పాను. అదే 2006 రేసులో ఆడీ వాళ్ల రెండో కారు ఇంజెక్టర్ల, అంటే నాజిల్ ఉండే భాగాల, సమస్యతోనే టైము పోగొట్టుకుని మూడో స్థానంలో వచ్చింది.

నాన్న వెనక్కి తిరిగి షాపులో కుర్రాళ్లతో గట్టిగా, "విన్నారా, వాళ్లకీ నాజిలేనంట!" అన్నారు. తర్వాత నాతో, "ఈసారి వస్తే మనకి పంపమను, సాయంత్రానికల్లా చేసిచ్చేద్దాం."