రోబోకి దండేశారు గానీ తాళం తియ్యలేదు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను, ఏమనుకోకండి.

నాకిచ్చిన టాపిక్ ఏరియాక్ అనే రోబో ప్రోగ్రామింగ్ పోటీ. అమెరికాలో కొలతలు, ప్రమాణాలు చూసే నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థ 2017లో మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ రోబోల పోటీయే, కానీ అక్కడ నిజం రోబో ఉండదు! అంతా గజీబో అనే సిమ్యులేటర్లోనే, అంటే కంప్యూటర్లో కట్టిన ఉత్తుత్తి ఫ్యాక్టరీలో. 2023 పోటీలో అయితే తెర మీద కన్వేయర్ బెల్టు, బిన్నుల్లో బ్యాటరీలు, పంపులు. ఆర్డర్ రాగానే మీ కోడే రోబో చేతిని నడిపి ట్రేలో పార్టులు సర్ది పంపాలి, మధ్యలో మీరు వేలు పెట్టకూడదు. పైగా వాళ్ళు కావాలనే చెడగొడతారు. డ్యామేజీ పార్టు పెడతారు, రోబో పట్టుకునే గ్రిప్పర్లోంచి పార్టు జారిపోయేలా చేస్తారు, కాసేపు సెన్సార్లు గుడ్డివైపోతాయి, ఒక ఆర్డర్ సగంలో ఉండగా ఇంకో అర్జెంటు ఆర్డర్ వచ్చి పడుద్ది.

ఇదంతా ఎందుకంటారా? నేను లైన్ మీద పనిచేసేటప్పుడు ఓ నైట్ షిఫ్టులో పార్టుని పట్టి ఉంచే ఫిక్స్చర్ రెండు వేళ్ళంత పక్కకి జరిగింది. పార్టు ఉందో లేదో చూసే సెన్సార్ని ఎవరో మహానుభావుడు బైపాస్ చేసి పెట్టాడు. ఇంకేముంది, మా రోబో ఉత్త గాలిని పట్టుకుని, ఎంతో జాగ్రత్తగా మోసుకెళ్ళి బాక్సులో పెట్టడం, మళ్ళీ రావడం, మళ్ళీ గాలి! తెల్లారేదాకా టీచ్ పెండెంట్, అదే రోబోకి పాయింట్లు నేర్పే రిమోట్, పట్టుకుని ఒక్కో పాయింటూ మళ్ళీ నేర్పించా. చెప్పిన చోటికి వెళ్తుంది, అక్కడేముందో చూడదు. ఆ చూపు కోసమే ఈ పోటీ.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. నేను చదివిన కాలేజీలో, పేరొద్దులెండి, ఒక రోబో ఆర్మ్ కొన్నారు. కొబ్బరికాయ కొట్టారు, దండేశారు, ఫొటోలు దిగారు, అద్దాల గదిలో పెట్టి తాళమేశారు. అడిగితే "పాడైతే మీ నాన్న కడతాడా" అనేవాళ్ళు. వైవాలో ఎన్ని యాక్సిస్‌లని, అంటే ఎన్ని కీళ్ళ దగ్గర కదులుతుందని అడిగితే అద్దంలోంచి లెక్కపెట్టి చెప్పాం, ఆరని. దండ ఎండిపోయింది, ఎవరూ తియ్యలేదు.

అందుకే చెప్తున్నా బాబూ, సిమ్యులేటర్లో రోజుకి వందసార్లు గుద్దండి, ఎవరి నాన్నా కట్టక్కర్లేదు. గజీబో ఫ్రీ, రోబో కోడ్ రాసే ఆర్‌ఓఎస్ సాఫ్ట్‌వేరూ ఫ్రీ. అక్కడ నడిచిందంతా షాప్ ఫ్లోర్ మీద నడుస్తుందని కాదు, నడవదు, కానీ పార్టు జారితే ఏం చెయ్యాలని ఆలోచించడం అక్కడే అలవాటవుద్ది.

ఇవి నడపడానికి వాడే ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ ఎంతమంది ల్యాప్‌టాప్‌లలో ఉంది? చేతులెత్తండి... ముగ్గురా? సరే, భోజనాలయ్యాక ఛార్జర్లు తెచ్చుకుని ఇక్కడికే వచ్చెయ్యండి, కూర్చుందాం. ప్రిన్సిపల్ గారూ, సాయంత్రం దాకా ఈ హాలుకి మాత్రం తాళం వేయించకండి సార్.