కొలత తప్పకుండా రాసుకోవడం: వడ్రంగి పనిలో పనికొచ్చే పద్ధతులు

(తెర మీద: టేపు, పెన్సిల్, మాస్కింగ్ టేప్, రీపర్ అనే సన్నటి చెక్క పట్టీ)

నమస్కారమండీ. బెంగళూరులో అల్మారా చేయించాలంటే మనం అంగుళాలూ నూళ్లూ చెప్తాం, హిందీ మేస్త్రీ ఆ నూలునే సూత్ అంటాడు, మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌లో ప్లైవుడ్ కోసిచ్చే చోట మిల్లీమీటర్లు అడుగుతారు. అంగుళానికి 8 నూళ్లు, అంటే 25.4 మిల్లీమీటర్లు. మార్చిన ప్రతిసారీ కాస్త తేడా వస్తుంది. కాబట్టి మొదటినుంచీ మిల్లీమీటర్లే రాయండి. వెడల్పు, ఎత్తు, లోతు: ఎప్పుడూ ఇదే వరుస.

(దగ్గరగా: టేపు డబ్బా)

డబ్బా మీద మాస్కింగ్ టేప్ ముక్క అంటించి, కొలత దాని మీదే రాయండి. కోశాక పీకి ఆ చెక్కకే అంటించొచ్చు. 6, 9 కింద గీత తప్పనిసరి. 686 అని రాసిన ముక్క తలకిందులైతే 989 అవుతుంది!

గోడలు నిటారుగా ఉంటాయని నమ్మొద్దు. కింద, మధ్యలో, పైన కొలిచి మూడూ రాసి, తక్కువదానికి సున్నా చుట్టండి.

(దృశ్యం: గోడ సందులో రెండు రీపర్లు)

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. ఇందులో అంకెలే ఉండవు. గోడ మూలలో టేపు వంగుతుంది, కొలత అక్కడే తప్పుతుంది. రెండు రీపర్లు పక్కపక్కన పట్టుకుని, చెరో గోడకు తగిలేదాకా జరపండి. రెండిటి మీదుగా అడ్డంగా ఒకే గీత గీయండి. తర్వాత ఎక్కడైనా ఆ గీతలు కలిపితే చాలు, సందు వెడల్పు ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది. ఎత్తుకైతే ఒక్క రీపర్ చాలు: అరలు, కబ్జాలు, సొరుగులు ఎక్కడ రావాలో దాని మీదే గుర్తులు పెట్టి, రెండు పక్క పలకలకూ అవే దించుకోండి. నాలుగు తలుపులున్నా నాలుగూ ఒకేలా వస్తాయి. ఇది ఎంత హాయో చేసి చూస్తేనే తెలుస్తుంది.

(దగ్గరగా: పెన్సిల్ గుర్తు)

గుర్తుకు చుక్క వద్దు, బాణం మొన పెట్టండి. వదిలేసే వైపు ఇంటూ వేయండి. రంపం బ్లేడు దాదాపు 3 మిల్లీమీటర్లు తినేస్తుంది, అది ఆ వైపే పోవాలి.

రీపర్‌ను పారేయకండి. గది పేరు రాసి, పై కొన వైపు బాణం గీయండి. పైకిందులు మారితే గుర్తులన్నీ తప్పుతాయి.