పుండు కాదు, ముందు కాలు చూడండి

హోస్ట్: డాక్టర్ గారూ, మా నాన్న సంగతితోనే మొదలుపెడతాను. టిఫిన్ సెంటర్‌లో ముప్పై ఏళ్లు పెనం ముందు నిలబడ్డారు. చీలమండకి కాస్త పైన, లోపలివైపు పుండు లేచింది. ఎనిమిది నెలలుగా డ్రెస్సింగులు, యాంటీబయాటిక్‌లు. మానడం లేదు.

డాక్టర్: చుట్టూ చర్మం నల్లబడి గట్టిపడిందా? సాయంత్రానికి కాలు వాస్తుందా?

హోస్ట్: అవునండీ, అచ్చం అలాగే.

డాక్టర్: సిరల పుండులా ఉంది. కాలి పుండ్లలో ఎక్కువ ఇవే. మనం ‘నరాలు ఉబ్బాయి’ అంటాం కదా, అవి నిజానికి సిరలు. వాటిలో కవాటాలు పాడైతే పైకి పోవాల్సిన రక్తం కిందికి జారి కాల్లోనే నిలుస్తుంది. ఆ ఒత్తిడి తగ్గనంతకాలం పైన ఏం పూసినా మానదు.

హోస్ట్: మరి తగ్గేదెలా?

డాక్టర్: వేళ్ల మొదలు నుంచి మోకాలి కింద దాకా బిగువు కట్టు. చీలమండ దగ్గర ఒత్తిడి, బీపీ కొలిచే పాదరసం లెక్కలో, సుమారు 40 మిల్లీమీటర్లు ఉండాలి. కానీ అంతకుముందు డాప్లర్‌తో, అంటే రక్తం పారే చప్పుడు వినిపించే పరికరంతో, చీలమండ బీపీ చూసి, దాన్ని చేతి బీపీతో భాగించాలి. 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే కట్టొచ్చు. 0.5 కన్నా తక్కువైతే ధమనులు, అంటే కాలికి రక్తం తెచ్చే నాళాలు, బాగా మూసుకుపోయినట్టు. అక్కడ బిగిస్తే కాలికే ప్రమాదం, వెంటనే వాస్క్యులర్ సర్జన్‌కి, అంటే రక్తనాళాల సర్జన్‌కి, చూపించాలి. 0.5కీ 0.8కీ మధ్య ఉంటే స్పెషలిస్ట్ చెబితేనే, తక్కువ బిగువుతో.

హోస్ట్: నాన్నకి షుగర్ కూడా ఉందండీ.

డాక్టర్: అయితే ఇంకా జాగ్రత్త. షుగర్‌లో ధమనులు గట్టిపడి ఆ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. 1.3 దాటితే బాగుందనుకోకూడదు, బొటనవేలి ప్రెషర్ చూడాలి. పాదంలో స్పర్శ కూడా.

హోస్ట్: ఇన్ని నెలల్లో ఒక్కరూ ఈ బీపీ చూడలేదు. అడగాలని మాకూ తెలియలేదు. ఆ యాంటీబయాటిక్‌లు అవసరమేనా?

డాక్టర్: ఎర్రదనం పాకుతున్నా, జ్వరం వచ్చినా, నొప్పి పెరిగినా అవసరమే. పుండు మీద దూదితో తుడిచి చేసే స్వాబ్ పరీక్షలో క్రిములు కనబడినంత మాత్రాన అక్కర్లేదు. పాత పుండు మీద అవి ఉండనే ఉంటాయి. అంచులు పైకి లేచి దళసరిగా ఉంటే, ఎంతకీ మానకపోతే చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ చేయించాలి. అరుదుగానైనా అది క్యాన్సర్ కావచ్చు.

హోస్ట్: పాడైన సిరల్ని మూసే లేజర్ మాటేమిటి? పుండు మానాక చూద్దామన్నారు.

డాక్టర్: ఒకప్పుడు మేమూ అలాగే అనేవాళ్లం. 2018లో బ్రిటన్‌లో ఎవ్రా అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. అందరికీ బిగువు కట్టు ఉంది. సిరల చికిత్స ముందే చేసినవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది, వాయిదా వేసినవాళ్లలో 82 రోజులు పట్టింది. నాన్నగారి ధమనులు బాగుంటే నేనైతే ఆలస్యం చేయను.

హోస్ట్: మళ్లీ పెనం ముందు నిలబడొచ్చా?

డాక్టర్: గంటల తరబడి కదలకుండా వద్దు. పిక్క కండరం కదిలితేనే రక్తం పైకి పోతుంది. మధ్యమధ్యలో నడవాలి, మడమలు పైకెత్తి దించాలి. పడుకున్నప్పుడు కాళ్లు గుండె కన్నా ఎత్తులో ఉండాలి. పుండు మానాక కూడా కాలిని బిగించి ఉంచే మేజోళ్లు మానకూడదు. రేపు తీసుకురండి, ముందు డాప్లర్ చూద్దాం.