సంస్కరణల బరువు మొదట ఎవరి నెత్తిన?

(చెన్నై స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: ఆర్థికశాస్త్ర అధ్యాపకురాలు, విశ్రాంత బ్యాంకు అధికారి, చెన్నై పారిస్ కార్నర్ బజారులోని ఎండుమిర్చి ఎగుమతి వ్యాపారి.)

వ్యాఖ్యాత: నమస్కారం. దేశం అప్పుల్లో మునిగితే సంస్కరణలు తప్పవంటారు. సరే, ఆ బరువు ముందు ఎవరి నెత్తిన పడుతోంది? ఇవాళ అదొక్కటే మాట్లాడుకుందాం. సార్, మీ సరుకు కొలంబోకి వెళ్తుంది కదా, శ్రీలంక అప్పులు కట్టలేక చేతులెత్తేసిన 2022లో అక్కడ ఏం చూశారు?

వ్యాపారి: గుంటూరు మిర్చి పంపుతామండి. అక్కడ కొనేవాళ్లు డబ్బున్నవాళ్లే. కానీ బ్యాంకుల్లో డాలర్లు లేక ఎల్‌సీ, అంటే సరుకు డబ్బుకి బ్యాంకు ఇచ్చే హామీపత్రం, తెరవలేకపోయారు. 200 శ్రీలంక రూపాయల దగ్గరున్న డాలరు మే నెలకి 360 దాకా పోయింది. నాకు ఆగింది ఆర్డరే. అక్కడ జనం గ్యాసు కోసం, పెట్రోలు కోసం రాత్రింబవళ్లు లైన్లో నిలబడ్డారు. ఆ మే నెలలోనే మన చెన్నై రేవు నుంచి బియ్యం, పాలపొడి, మందులు ఓడలో పంపారు, గుర్తుందా?

వ్యాఖ్యాత: గుర్తుంది. అంతదాకా ఎందుకొచ్చింది మేడమ్?

అధ్యాపకురాలు: 2019 చివర్లో అక్కడి ప్రభుత్వం సరుకుల అమ్మకాల మీద వేసే పన్ను వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి దించారు. ఆదాయపు పన్నులోనూ పెద్ద కోత పెట్టారు. ఖజానా బోసిపోయిన వేళకే కొవిడ్ వచ్చి పర్యాటకం పడిపోయింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఆపేసి వరి రైతును ముంచారు. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని ప్రకటించారు. సెప్టెంబరుకి ధరల పెరుగుదల 70 శాతం దరిదాపులకు చేరింది.

బ్యాంకు అధికారి: 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్య నిధి, అదే ఐఎంఎఫ్, షరతుల మీద సుమారు 300 కోట్ల డాలర్ల సాయానికి ఒప్పుకున్నాక ధరలు దిగొచ్చాయి. అది ఫలించిందని ఒప్పుకోవాలి.

అధ్యాపకురాలు: ఫలించింది, కాదనను. నేను అడిగేది వరస గురించి. కరెంటు చార్జీలు 2022 ఆగస్టులో సగటున 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మళ్లీ 66 శాతం పెంచారు. పేదలకు నగదు ఇచ్చే అస్వెసుమ పథకం 2023 మధ్యలో గానీ మొదలవలేదు. దెబ్బ ముందు, సాయం తర్వాత. నన్ను ఇంకా కలచివేసింది ఉద్యోగుల భవిష్య నిధి, ఈపీఎఫ్ సంగతి. దేశంలోపలి అప్పును సర్దుబాటు చేస్తూ, పింఛను నిధుల దగ్గరున్న ప్రభుత్వ బాండ్ల గడువు పొడిగించి వడ్డీ తగ్గించారు. ఒప్పుకోకపోతే ఆ నిధుల ఆదాయం మీద పన్ను 14 నుంచి 30 శాతం చేస్తామన్నారు. బ్యాంకుల దగ్గరున్న రూపాయి బాండ్ల జోలికి మాత్రం పోలేదు.

బ్యాంకు అధికారి: అక్కడ ఆగండి మేడమ్. బ్యాంకులు అప్పటికే మొండి బాకీలతో ఉన్నాయి. వాటి బాండ్లలో కోత పెడితే జనం డిపాజిట్ల కోసం ఎగబడతారు. అప్పుడు నష్టపోయేదీ చిన్నవాళ్లే. పీఎఫ్ అయితే ఒక్కరోజులో ఎవరూ తీసుకోలేరు.

అధ్యాపకురాలు: తీసుకోలేరు కాబట్టే దాని మీద చెయ్యేశారంటాను. కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి ముసలితనానికి దాచుకున్న సొమ్మండీ అది! బ్యాంకులను కాపాడాలన్నది నిజమే. ఆ ఖర్చు బ్యాంకు వాటాదారులు కూడా పంచుకోవాలి కదా.

వ్యాఖ్యాత: 1991లో మనమూ ఇలాంటి గండమే దాటాం. పీవీ గారి కాలం.

బ్యాంకు అధికారి: అవును. జులైలో దాదాపు 47 టన్నుల బంగారం ఇంగ్లండ్‌కు తరలించి తాకట్టు పెట్టారు. రూపాయి విలువ 1, 3 తేదీల్లో రెండు విడతలుగా తగ్గించారు. 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్.

అధ్యాపకురాలు: ఆ బడ్జెట్ ఎరువుల ధర 40 శాతం పెంచింది. సొంత పార్టీవాళ్లే ఒప్పుకోలేదు. రెండు వారాలు తిరక్కుండానే పెంపును 30 శాతానికి దించి, చిన్న, సన్నకారు రైతులను తప్పించారు. అది మైనారిటీ ప్రభుత్వం, వినక తప్పలేదు. కెన్యాలో 2024 జూన్‌లో యువత పార్లమెంటులోకి చొచ్చుకెళ్లి, ప్రాణాలు పోయాక గానీ పన్నుల బిల్లు వెనక్కి పోలేదు.

వ్యాపారి: మరి ఉన్నవాళ్ల దగ్గరే ముందు వసూలు చేయొచ్చు కదండీ?

బ్యాంకు అధికారి: ఆదాయపు పన్ను వ్యవస్థ నిలబడడానికి ఏళ్లు పడుతుంది. వ్యాట్ నెలనెలా వస్తుంది. ఖాళీ ఖజానా ఆగలేదు.

అధ్యాపకురాలు: ఆ మాటలో నిజం ఉంది. కానీ చూడండి, శ్రీలంకలో 2024 జనవరి 1న వ్యాట్ 18 శాతం చేశారు. వంట గ్యాసుకున్న మినహాయింపు అదే రోజు పోయింది. సంపన్నుల ఇళ్ల అద్దె విలువ మీద పన్ను మొదట 2025లో అన్నారు, తర్వాత వాయిదా వేశారు. గ్యాసు పన్నుకి ఏ తేదీ రాస్తారో సంపన్నుల పన్నుకీ అదే తేదీ రాయండి. ఐఎంఎఫ్‌ను నేను అడిగేది ఇదే.