మిస్టర్ బోర్డు మొండికేస్తే ముందు ఏం చూడాలి: కోనసీమలో ఆరు నెలలు వాడాక

అందరికీ నమస్కారం. ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ మిస్టర్ బోర్డు, పాత వీడియో గేమ్‌లు ఆడించే బోర్డు, దీని గురించి ఆరు నెలల క్రితమే వీడియో చేయాల్సింది. పార్సిల్ విప్పిన రోజే చేసుంటే సూపర్‌గా ఉంది, కొనేయండి అని చెప్పేసి ఊరుకునేవాణ్ణి. ఆగడమే మంచిదైంది. ఈ ఆరు నెలల్లో ఇది చాలాసార్లు మొండికేసింది, దాదాపు ప్రతిసారీ నేను ముందు తప్పు చోటే వెతికాను, అందుకని ఈ రివ్యూలో ఆటలు ఎంత బాగున్నాయన్నది తక్కువ, ఆగిపోతే ఎక్కడ చెయ్యి పెట్టాలన్నది ఎక్కువ ఉంటుంది. మా ఇల్లు సఖినేటిపల్లి దగ్గర. అంతర్వేది వైపు నుంచి ఉప్పుగాలి నేరుగా వరండాలోకి వస్తుంది, వానాకాలంలో కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోతుందో లెక్క ఉండదు. ఇది ఊరికే చెప్పడం లేదు, ముందుముందు మీకే అర్థమవుతుంది.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. మిస్టర్ అనేది 2017లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, టెరాసిక్ వాళ్ల డీఈ10-నానో అనే బోర్డు మీద నడుస్తుంది. నా దగ్గరున్నది దానికి సరిపోయేలా వేరేవాళ్లు తయారు చేసిన బోర్డు. మనం కంప్యూటర్లో వాడే ఎమ్యులేటర్ ఒక ప్రోగ్రాం, పాత కన్సోల్ చేసే పనిని సాఫ్ట్‌వేర్‌లో చేసి చూపిస్తుంది. ఇక్కడ కథ వేరు. మధ్యలో ఉన్న ఎఫ్‌పీజీఏ చిప్‌లో సుమారు 1,10,000 లాజిక్ ఎలిమెంట్లు ఉంటాయి, వాటిని పొలంలో బోదెల్లాగా అనుకోండి, ఎక్కడ గండి తీసి ఎక్కడ కట్ట వేస్తామో దాన్నిబట్టి నీళ్లు పారే దారి మారిపోతుంది కదా. కోర్ అనే ఫైలు లోడ్ చేస్తే ఆ చిప్ లోపలి దారులన్నీ నింటెండో సర్క్యూట్‌లా కుదురుకుంటాయి. ఇంకో కోర్ లోడ్ చేస్తే అదే చిప్ బీబీసీ మైక్రో అవుతుంది, అదేనండి, 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన దేశంలో కొన్ని స్కూళ్లకు ఇచ్చిన కంప్యూటర్. కరెంటు తీసేస్తే ఆ దారులన్నీ చెరిగిపోతాయి. ఆన్ చేసిన ప్రతిసారీ మెమరీ కార్డులోంచి చదువుకుని చిప్ మళ్లీ మొదటి నుంచి బోదెలు తవ్వుకోవాలి. అంటే రోజూ రెండింటి మీద ఆధారపడి బతుకుతుంది, కరెంటు, కార్డు. నాకొచ్చిన సమస్యల్లో సగం ఈ రెండింటి దగ్గరే తేలాయి.

కరెంటుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే బోర్డే పోతుంది. దీనికి కావాల్సింది 5 వోల్టులు. దయచేసి ఇది రాసిపెట్టుకోండి. మన ఇళ్లలో వైఫై రౌటర్‌కి, కొన్ని సెట్‌టాప్ బాక్సులకి వచ్చే అడాప్టర్లు 12 వోల్టులవి, పిన్ను చూస్తే అచ్చం ఇలాగే ఉంటుంది, ఇందులో చక్కగా దూరుతుంది కూడా. నరసాపురంలో నా స్నేహితుడు ఒకడు తన బోర్డుకి రౌటర్ అడాప్టర్ పెట్టాడు. పొగ కూడా రాలేదు, అలాగే చనిపోయింది. పంటు దాటి వెళ్లి చూసి, రిపేరు షాపుకి తీసుకెళ్తే ఆయన లెన్సు పెట్టి రెండు నిమిషాలు చూసి, "ఆయ్, లోపల మొత్తం పోయిందండీ, ఇంక దీని మీద డబ్బు పెట్టకండి" అన్నాడు. ఆ రోజు వాడి మొహం చూసి వచ్చి నా అడాప్టర్ల మీద పర్మనెంట్ మార్కర్‌తో పెద్ద అక్షరాలతో వోల్టులు రాశాను. ఇదిగో చూడండి, ఇది 5, అది 12. మీరూ ఇవాళే రాయండి.

రెండోది, వోల్టేజ్ సరైనదే అయినా బలం చాలకపోవడం. లక్షణాలు ఎలా ఉంటాయంటే, ఆట మధ్యలో కంట్రోలర్ ఒక్క క్షణం తెగిపోయి మళ్లీ కలుస్తుంది, స్క్రీన్ నల్లగా మెరిసి వెనక్కి వస్తుంది, ఒక్కోసారి బోర్డు తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. నాకు మొదటి నెలంతా ఇదే. కంట్రోలర్ పాడైందనుకుని ఇంకోటి కొన్నాను, కంట్రోలర్లు గుచ్చే యూఎస్‌బీ హబ్ పాడైందనుకుని హబ్ మార్చాను. చివరికి మల్టీమీటర్ పెట్టి ఆట నడుస్తుండగా కొలిస్తే బోర్డు దగ్గర 4.6 వోల్టులే ఉంది. అడాప్టర్ మీద 5 అనే రాసుంది, కానీ సన్నటి వైరులో మిగతాది కరిగిపోతోంది. ఆట ఆపి కొలిస్తే 5 చూపిస్తుంది, అందుకే పట్టుకోవడానికి నెల పట్టింది. ఎప్పుడూ లోడ్ మీదే కొలవండి. ఇప్పుడు 5 వోల్టులు, 4 ఆంపియర్ల మంచి అడాప్టర్ వాడుతున్నాను, ఆ తర్వాత ఒక్కసారి కూడా కంట్రోలర్ తెగలేదు.

ఇంకో చిన్న సంగతి. మన పాత ఇళ్లలో చాలా సాకెట్లకు ఎర్త్ సరిగా ఉండదు, టీవీకి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ లోహం పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే అది ఊహ కాదు, అడాప్టర్ల లోంచి కొద్దిగా లీక్ అయ్యే కరెంటు. టీవీ, బోర్డు రెండూ స్విచ్ దగ్గరే ఆపేసి కేబుల్ పెట్టండి. ఆన్‌లో ఉండగా పెడితే పోర్టు పోయే ప్రమాదం నిజంగా ఉంది.

ఇక కార్డు. కిట్‌తో పాటు వచ్చిన మెమరీ కార్డు మూడో వారానికే చదవడం మానేసింది. అమ్మినవాళ్లు మార్చిస్తామన్నారు, నేను ఎదురుచూడకుండా మంచి కార్డు కొనుక్కుని, మిస్టర్ ఫ్యూజన్ అనే చిన్న ఇమేజ్‌తో మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేశాను, అరగంట పని. ఈ కార్డు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటుంది, దానికి జర్నల్ ఉండదు, అంటే రాస్తూ ఉండగా కరెంటు పోతే ఎక్కడిదాకా రాశానన్న లెక్క దాని దగ్గర ఉండదు. కాబట్టి కొత్త కోర్లు దింపుకునే అప్‌డేట్ స్క్రిప్ట్ నడిపేటప్పుడు ఇన్వర్టర్ మీద పెట్టి నడపండి. ముసురు పట్టిన రోజు అప్‌డేట్ జోలికే వెళ్లకండి.

ఇది చాలామందికి తెలియదు: ఆటలో మీరు సేవ్ కొట్టినంత మాత్రాన అది కార్డులోకి వెళ్లిపోయినట్టు కాదు. కన్సోల్ కోర్లలో చాలావాటికి ఆ సేవ్ ముందు మెమరీలోనే ఉంటుంది, ఎఫ్12 నొక్కో, కంట్రోలర్ బటన్‌తోనో ఓఎస్‌డీ మెనూ, అంటే ఆట మీద వచ్చే మిస్టర్ సొంత మెనూ, తెరిచినప్పుడు మాత్రమే కార్డులోకి రాస్తుంది, అదీ ఆటోసేవ్ ఆన్‌లో ఉంటేనే. అక్టోబరులో ఒక రాత్రి ఒక ఆటలో నాలుగు గంటలు ఆడాను, ఆటలో మూడుసార్లు సేవ్ చేశాను, మెనూ ఒక్కసారీ తెరవలేదు. వాన, కరెంటు పోయింది. తిరిగొచ్చాక చూస్తే ముందు రోజు దగ్గరే ఉంది. బోర్డు తప్పేమీ లేదు, అది అలాగే పనిచేస్తుంది, నాకే తెలియదు. అప్పట్నుంచి ఆటలో సేవ్ కొట్టగానే ఒకసారి మెనూ తెరిచి మూయడం అలవాటు చేసుకున్నాను. కరెంటు కోతలున్న ఊళ్లో ఈ ఒక్క అలవాటు చాలా టెన్షన్ తప్పిస్తుంది.

కోర్ తెరుచుకుంటుంది కానీ నల్ల స్క్రీనే ఉంటుంది అంటే ముందు బయోస్ ఫైలు, అంటే అసలు కన్సోల్ ఆన్ కాగానే నడిచే దాని సొంత ప్రోగ్రాం, ఉందో లేదో చూడండి. ప్లేస్టేషన్, నియో జియో లాంటి వాటికి అది లేకుండా ఏమీ రాదు, కాపీరైట్ కారణంగా అది ప్రాజెక్టుతో పాటు రాదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించిన సమస్య. నవంబరులో తుఫాను ముసురు వారం రోజులు వదల్లేదు, గోడలు చెమ్మ, బట్టలు ఆరవు, ఆ వారం తర్వాత నియో జియో ఆటల్లో బొమ్మలు ముక్కలుముక్కలుగా రావడం మొదలైంది. మనిషి తల ఒకచోట, కాళ్లు ఇంకోచోట. కోర్ పాడైందనుకుని పాత వెర్షన్ పెట్టాను, అదే. ఆట ఫైలు మార్చాను, అదే. అప్పుడు ఏఓ486 కోర్, అంటే పాత 486 పీసీ, తెరిచి చూస్తే అద్దంలా నడుస్తోంది. అక్కడే విషయం దొరికింది. ఈ బోర్డు మీద పైన గుచ్చే ఎస్‌డీర్యామ్ అనే మెమరీ మాడ్యూల్ ఒకటి ఉంటుంది, నియో జియో, సూపర్ నింటెండో లాంటివి దాన్ని వాడుకుంటాయి. ఏఓ486 మాత్రం బోర్డులోనే ఉన్న డీడీఆర్3 మెమరీతో నడుస్తుంది. అది బాగుండి ఇవి పాడైతే అనుమానం ఆ మాడ్యూల్ మీదే.

దీన్ని పరీక్షించడానికి మెమ్‌టెస్ట్ అనే కోర్ ఉంది. తెరవగానే దానంతట అదే పెద్ద ఫ్రీక్వెన్సీ నుంచి మొదలుపెట్టి తప్పు దొరికిన కొద్దీ కిందికి దిగుతుంది. తెర మీద మెమరీ సైజు సున్నా అని ఉంటే మాడ్యూల్‌ని అసలు గుర్తించలేదని అర్థం. పది నిమిషాలు వదిలితే ఒక అంచనా వస్తుంది, గట్టిగా తేల్చుకోవాలంటే గంటో రెండు గంటలో వదలాలి. మాడ్యూల్ కనీసం 130 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్క తప్పూ లేకుండా నిలబడాలి, 140 దాటితే చాలా మంచిది. నాది 110 దగ్గర కూడా తప్పులు చూపించింది. కొత్తది ఆర్డర్ పెట్టబోయి, ఒకసారి ఊడదీసి చూద్దామని చూస్తే పిన్నుల మీద సన్నగా మసకబారిన పొర. ఉప్పుగాలి, చెమ్మ కలిసి చేసిన పని. ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి టూత్ బ్రష్ ముంచి మెల్లగా రుద్ది, గంటసేపు ఆరనిచ్చి, తిన్నగా నొక్కి పెట్టాను. 140 దగ్గర రెండు గంటలు, తప్పులు సున్నా. రూపాయి ఖర్చు లేదు. ఇప్పుడు బోర్డుని మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడుతున్నాను, వాడేటప్పుడు మాత్రం బయటే, చిప్ మీద చిన్న ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి, మన మే నెల ఎండలకి అది లేకుండా నడపమని నేను చెప్పను.

టీవీ సంగతి. నో సిగ్నల్ వస్తే బోర్డు పోయిందని కంగారు పడకండి. కార్డులో సెట్టింగ్స్ ఉండే మిస్టర్ ఐఎన్‌ఐ ఫైలులో వీసింక్ అడ్జస్ట్ అని ఒక లైను ఉంటుంది, టీవీకి పంపే బొమ్మ వేగాన్ని ఆట వేగంతో కలపాలా వద్దా అన్నది అదే చెప్తుంది. 2 పెడితే బటన్ నొక్కాక తెర మీద కనిపించే ఆలస్యం అన్నిటికన్నా తక్కువ, కానీ పాత కన్సోళ్లు కచ్చితంగా 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 బొమ్మలు, ఇవ్వవు, నింటెండో 60.0988 ఇస్తుంది, కొన్ని టీవీలకు అది నచ్చదు. 1 పెట్టి చూడండి, అప్పటికీ రాకపోతే 0. మా హాల్లో టీవీ 2కి ఒప్పుకోలేదు, 1తో హాయిగా ఉంది.

మరి కొనాలా అంటే, 2024లో మిస్టర్ పై లాంటి చౌక బోర్డులు వచ్చాక ఇది మునుపటంత భారం కాదు, అయినా కస్టమ్స్, అడాప్టర్, కార్డు, మెమరీ మాడ్యూల్ అన్నీ కలిపి లెక్కేసుకోండి. పిల్లలకు ఆదివారం ఆడుకోవడానికి ఏదో ఒకటి కావాలంటే ఇంట్లో ఉన్న కంప్యూటర్లో ఎమ్యులేటర్ చాలు. మల్టీమీటర్ పట్టుకోవడం ఇష్టమున్నవాళ్లు, పాత యంత్రం ఎలా పనిచేసిందో అలాగే చూడాలనుకునేవాళ్లు కొనండి, నేనైతే మళ్లీ కొంటాను.

ఎందుకు కొంటానో చెప్తాను. సంక్రాంతికి మా పెదనాన్న కొడుకు, అన్నయ్య, హైదరాబాద్ నుంచి వచ్చాడు. చిన్నప్పుడు ఇద్దరం కలిసి ఆడిన సూపర్ మారియో పెట్టి ఇచ్చాను. రెండు నిమిషాలు ఆడి, "ఒరేయ్, ఇది పరిగెడుతోందిరా. మనది ఇలా ఉండేది కాదు. పాట కూడా తొందర తొందరగా వస్తోంది" అన్నాడు. నేను సెట్టింగ్స్ అన్నీ తిరగేశాను, కోర్ మార్చాను, ఎక్కడా తప్పు లేదు. రాత్రి పడుకున్నాక తట్టింది. మన పాత టీవీలు పాల్ పద్ధతివి, అంటే 50 హెర్ట్జ్‌వి, మా ఇంట్లో అప్పుడున్న క్యాసెట్ల వీడియో గేమ్ 50 హెర్ట్జ్ మీద నడిచేది. అసలు ఆట 60 కోసం రాసింది. మేము చిన్నప్పుడంతా ఆరో వంతు నెమ్మదిగా ఆడాం, మా చేతులకు ఆ వేగమే అలవాటు.

నింటెండో కోర్‌లో సిస్టమ్ టైప్ అని ఉంటుంది: ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల 60 హెర్ట్జ్ పద్ధతి), పాల్, డెండీ. ముందు పాల్ పెట్టాను, వేగం తగ్గింది కానీ పాట శ్రుతి దిగిపోయింది, ఎందుకంటే యూరప్ నింటెండోలో ప్రాసెసర్ 1.66 మెగాహెర్ట్జ్, అసలుదానిలో 1.79. డెండీ అనేది 1990లలో రష్యాలో అమ్మిన క్లోన్ పేరు, ఆ రకం క్లోన్లలో తెర 50 హెర్ట్జ్ అయినా ప్రాసెసర్ 1.77 దగ్గర ఉంటుంది, అందుకే పాట నెమ్మదిస్తుంది కానీ శ్రుతి దాదాపు అలాగే నిలబడుతుంది. మా సెట్టూ ఆ కుటుంబానిదే అయ్యుండాలి. పొద్దున్నే డెండీ పెట్టి, వీసింక్ 1లో ఉందని చూసుకుని, ఎందుకంటే 0లో ఉంటే 50ని 60లో ఇరికించి తెర కుదుపుతుంది, కంట్రోలర్ అన్నయ్య చేతిలో పెట్టాను. మొదటి పాట నాలుగు క్షణాలు విని, "ఆ, ఇదిరా" అన్నాడు. ముందురోజు పడిపోయిన గోతులన్నీ చూడకుండా దాటేశాడు. మధ్యాహ్నం భోజనాలకు పిలిచేదాకా కంట్రోలర్ నా చేతికి రాలేదు.

మీరూ డెండీ పెడితే ఓఎస్‌డీలో సేవ్ సెట్టింగ్స్ నొక్కండి, నొక్కకపోతే కరెంటు పోయి వచ్చేసరికి మళ్లీ ఎన్‌టీఎస్‌సీలోనే ఉంటుంది.