మారుబేహారి ఎవరు?

[తెరపై: ఇంకా తెల్లవారని మార్కెట్ యార్డు. గోనెసంచుల పక్కన ఖాళీ గంప పెట్టుకుని ఒకామె.]

నమస్కారం. ఈరోజు ఒకే ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. మారుబేరం.

ఈ మాట మనకు ఎక్కువగా తిట్టు పక్కనే వినిపిస్తుంది. మారుబేరగాళ్లు రైతును ముంచుతున్నారని, మారుబేరగాళ్ల వల్లే ధరలు మండుతున్నాయని. వినగా వినగా ఆ మాటంటేనే మోసం అనే ముద్ర పడిపోయింది. మాటను విడదీసి చూస్తే అందులో మోసం ఎక్కడా లేదు.

ముందు బేరం సంగతి. సంస్కృతంలో వ్యవహారం అనే మాట తెలుగు నోళ్లలో పడి బేహారం అయింది. బేహారం చేసేవాడు బేహారి. తర్వాత ఆ హకారం కూడా జారిపోయి బేరం మిగిలింది. బేహారం, బేహారం అని నాలుగుసార్లు గబగబా అని చూడండి. ఆ 'హా' ఎక్కడికి పోయిందో మీ నాలుకకే తెలుస్తుంది. పాత కన్నడంలోనూ బేహార ఉంది. తమిళులు మన బేరాన్ని తీసుకెళ్లి పేరం అని రాసుకున్నారు.

[తెరపై: వ్యవహారం → బేహారం → బేరం]

మన దగ్గర ఈ మాటకు రెండు పనులు. "పొద్దున్నుంచీ ఒక్క బేరం తగల్లేదు" అని ఆటో డ్రైవర్ అన్నాడనుకోండి, అక్కడ బేరం అంటే గిరాకీ. "ఇంత గీచి గీచి బేరమాడితే ఎలాగమ్మా" అంటే ధర దగ్గర లాగులాట. ఇక చేతిలో ఏమీ లేక, దిగివచ్చి బతిమాలుకోవడమే మిగిలితే కాళ్లబేరం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'బేరం తెగింది' అనే వాడుక. తాడు తెగితే నష్టం, బంధం తెగితే బాధ. బేరం తెగితే మాత్రం కుదిరినట్టే! ఇద్దరూ చెరో వైపు లాగుతున్న ధర ఒకచోట తేలిపోయింది, ఇక లాగడానికేమీ లేదు.

[తెరపై: పశువుల సంత. తువ్వాలు కింద కలిసిన రెండు చేతులు, దగ్గరగా.]

పశువుల సంతలో బేరం తెగడం చూడాలి. కొనేవాడు, అమ్మేవాడు చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. ధర నోటితో చెప్పరు. వేళ్లు పట్టుకుని చెబుతారు. ఒక వేలు అంటే వందో వెయ్యో ఆ ఇద్దరికీ ముందే తెలుసు. చుట్టూ పదిమంది నిలబడి చూస్తూనే ఉంటారు కానీ వాళ్లకు కనిపించేది తువ్వాలు కదలడమే. అమ్మేవాడు తల అడ్డంగా ఊపుతాడు. కొనేవాడు ఇంకో వేలు కలుపుతాడు. ఎంతకు తెగిందో పక్కవాడికి తెలియదు కాబట్టి తర్వాతి బేరం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు 'మారు'. మారుపేరు, మారువేషం, మారుమనువు, మారుమాట. ఒకటి ఉండగా దానికి బదులుగా వచ్చేదో, దాని తర్వాత వచ్చేదో మారు. మారడం, మార్పిడి, మారకం అన్నీ ఈ చుట్టాలే. అలా ఒకసారి కొన్న సరుకును మళ్లీ అమ్మడం మారుబేరం. అంతే.

ఇక్కడ ఒక తేడా గట్టిగా చెప్పాలి. దళారి వేరు, మారుబేరగాడు వేరు. దళారి అనే మాట అరబీ దల్లాల్ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. దళారి సరుకు కొనడు. ఇద్దరినీ కలిపి కమీషన్ తీసుకుంటాడు. మారుబేరగాడు సొంత డబ్బు పెట్టి కొంటాడు. కొన్న క్షణం నుంచి ఆ సరుకు అతనిదే, కుళ్లితే నష్టమూ అతనిదే. యార్డులో గంప పట్టుకుని నిలబడిన ఆమెను చూశారు కదా. చీకటితో రెండు మూడు రకాల కూరగాయలు కొని, ఎండెక్కేదాకా వీధులు తిరుగుతుంది. మధ్యాహ్నానికి వడలిపోయిన తోటకూర కట్టల టెన్షన్ అంతా ఆమెదే. మనమేమో ఆమె దగ్గర కొసరు కూడా అడుగుతాం. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అని సామెత ఊరికే పుట్టలేదు.

రైతుకు గిట్టుబాటు కావడం లేదన్నది నిజమైన బాధ. రైతు నేరుగా అమ్ముకోవాలనే 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు పెట్టారు, అది మంచి పని. కానీ గోదాములు నింపుకుని ధర పెరిగేదాకా కూర్చునేవాడినీ, గంప నెత్తిన పెట్టుకుని తిరిగే మనిషినీ ఒకే మాటతో తిట్టడం నాకు ఒప్పుదల కాదు.

[తెరపై: మోటుపల్లి శాసన స్తంభం]

పెద్ద వ్యాపారులకు రాతి మీద చోటు దొరికింది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఓడ మునిగితే సరుకు లాక్కోబోమని, సుంకం మాత్రం ముప్పయ్యో వంతు తీసుకుంటామని సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. గంధం, కర్పూరం, దంతం, ముత్యాలు, అన్నీ అందులో ఉన్నాయి. గంపలో ఆకుకూరలు అమ్మే మనిషి కోసం ఎవరూ రాయి చెక్కించలేదు.

మరి ఆ మనిషికి చోటు ఎక్కడ దొరికింది? అన్నమయ్య పాటలో. 1408 నుంచి 1503 దాకా బతికిన ఆ మహానుభావుడు ఒక కీర్తనలో వేంకటేశ్వరుణ్ణి వాడవాడలా తిరుగుతూ చీరలమ్మే మనిషిగా చూశాడు. పంచభూతాలు రంగురంగుల నూలు. చంచలత్వం ఆ నూలుకు పట్టించే గంజి. గుణాలతో నేసిన ఆ చీరలు మన శరీరాలే అనుకుంటాను నేను. పల్లవిలో స్వామి 'నేతబేహారి'. మొదటి చరణం చివరికి వచ్చేసరికి ఏమన్నాడో చూడండి.

[తెరపై: మంచిమంచి చీరలమ్మే మారుబేహారి]

మారుబేహారి! ఏడుకొండలవాడికి ఆ మాట పెట్టడానికి అన్నమయ్య వెనకాడలేదు. ఎందుకంటే ఆయనకు ఆ మాట తిట్టు కాదు. మూట భుజాన వేసుకుని వీధిలో కేక వేసుకుంటూ వచ్చే మనిషి పేరు అది. ఒకచోట పుట్టిన వస్తువును ఇంకొకరి గుమ్మం దాకా మోసుకొచ్చే మనిషి పేరు. పాట చివరి చరణంలో స్వామి ఇంకా దగ్గరికి వచ్చేస్తాడు. అక్కడ ఆయన్ని అన్నమయ్య పిలిచిన పేరు ఇంటిబేహారి.

[తెరపై: గంప దించి గుమ్మం ముందు నిలబడిన ఆమె. లోపలి నుంచి తలుపు తీస్తున్న చెయ్యి.]