మాచా డబ్బా బాగుంది, చెంచాతోనే నా గొడవ

నమస్తే అండీ. ఈ మాచా పొడి, అంటే గ్రీన్ టీ ఆకుని మెత్తగా పొడి చేసింది, డబ్బా కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు, ముందే చెప్పేస్తున్నా. 30 గ్రాములు, జపాన్ ఆకు, ధర ఎంత, ప్యాకింగ్ ఎలా ఉంది, అవన్నీ మీరు ఈపాటికి నాలుగు వీడియోల్లో చూసేసి ఉంటారు. నేను డబ్బాతో పాటు ఇచ్చిన ఈ చెంచా గురించి మాట్లాడతా. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, నా చిటికెన వేలి గోరంత ఉంది.

డబ్బా మీద ఏం రాశారంటే, పెద్దవాళ్ల జ్ఞాపకశక్తికి రోజూ ఒక చెంచా. సరే, కాఫీ వీడియోల కోసం కొన్న డిజిటల్ త్రాసు ఉంది కదా అని తూచాను. చెంచా అంచుల దాకా నింపి గీస్తే 0.8 గ్రాములు. మూడుసార్లు తూచాను, అంతే.

దీనికెందుకింత గోల అంటారా? జపాన్‌లో సుకుబా యూనివర్సిటీ వాళ్లు, ఇటోయెన్ అనే టీ కంపెనీతో కలిసి చేసిన పరీక్ష ఒకటి 2024లో వచ్చింది. 60 నుంచి 85 ఏళ్ల మధ్యవాళ్లు 99 మంది, మరుపు వస్తోందని తమకే అనిపిస్తున్నవాళ్లు, కొంచెం మరుపు మొదలైనవాళ్లు. వాళ్లలో సగంమందికి రోజుకి 2 గ్రాముల మాచా, ఏడాది పాటు. అంటే ఈ చెంచాతో రెండున్నర! ఆ లెక్కన ఈ డబ్బా 15 రోజులే వస్తుంది, ఏడాదికి 24 డబ్బాలు కొన్నా ఇంకొంచెం తగ్గుతుంది. ఇంతా చేస్తే జ్ఞాపకశక్తి పరీక్షలో మాచా తీసుకున్నవాళ్లకీ, మాచా లేని ఉత్త పొడి తీసుకున్న మిగతావాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదండీ. తేడా కనిపించింది ఎక్కడంటే, ఎదుటివాళ్ల ముఖం చూసి వాళ్ల మనసులో ఏముందో కనిపెట్టడంలో. మా నాన్నకి అమ్మ ముఖం చూసి కోపం పసిగట్టడం నలభై ఏళ్లుగా వచ్చు, దానికి మాచా అక్కర్లేదు.

వాడింది నాన్నే. 68 ఏళ్లు, షుగర్ లేదు, బీపీ లేదు, ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. పాత బస్సు టైములు ఇప్పటికీ అప్పజెప్తారు గానీ మోటారు వేసి మర్చిపోతారు, ట్యాంకు పొంగి పక్కింటివాళ్లు కేకేస్తే తప్ప గుర్తురాదు. మొదటిరోజు వేడినీళ్లలో పొడి వేస్తే అంతా ఉండలు కట్టింది. జపాన్‌వాళ్లు వెదురు కుంచెతో గిలక్కొడతారు, మా ఇంట్లో అదెక్కడిది, నాన్న మజ్జిగ కవ్వం తెచ్చి గిలక్కొట్టారు, బ్రహ్మాండంగా నురగొచ్చింది! ఒక గుక్క తాగి, "ఒరేయ్, గోరింటాకు రుబ్బి ఇచ్చావేంట్రా" అన్నారు. నిజం చెప్పాలంటే వాసన అలాగే ఉంది.

15 రోజుల్లో మోటారు మూడుసార్లు మర్చిపోయారు. అంతకుముందు ఎన్నిసార్లో రాసుకోలేదు కాబట్టి ఇది తగ్గిందో పెరిగిందో నన్నడక్కండి. ఒక్కటి మాత్రం తెలిసింది, సాయంత్రం ఆరింటికి ఇస్తే రాత్రి ఒంటిగంట దాకా టీవీ ముందే. ఇందులో ఆకు మొత్తం కడుపులోకి పోతుంది, కెఫీన్ కూడా దాంతోపాటే. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఇస్తే పొద్దునే ఇవ్వండి, ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లయితే ఒక గంటన్నా ఎడం పెట్టండి, టీ ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు.

పోయినేడాది ఇలాగే గ్రీన్ టీ సారం మాత్రలు ఎవరో పంపితే వీడియో చెయ్యకుండా పక్కన పడేశాను గుర్తుందా. దాని కంటే ఇది వెయ్యి రెట్లు నయం. ఆ మాత్రల్లో ఈజీసీజీ అనే పదార్థం రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆపైన అయితే లివర్ మీద పడొచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. కప్పులో కలుపుకుని తాగేదాంతో ఆ భయం పెద్దగా లేదు.

ఇంకో పరీక్ష నాకు నచ్చింది, అది టీ కాదు, కోకో. అమెరికాలో 3,562 మంది పెద్దవాళ్లకి కోకోలో ఉండే ఫ్లావనాల్స్ అనే పదార్థాలు రోజుకి 500 మిల్లీగ్రాములు ఇచ్చి, కొందరికి ఉత్త మాత్రలిచ్చి మూడేళ్లు చూశారు, 2023లో ఫలితాలొచ్చాయి. టీలో ఉండేవీ అదే కుటుంబం. జ్ఞాపకశక్తి మెరుగుపడింది ముఖ్యంగా ఎవరికంటే, అసలే పళ్లూ కూరలూ సరిగ్గా తిననివాళ్లకి. మా నాన్న రోజూ జామకాయ తింటారు, ఆకుకూర లేకపోతే ముద్ద దిగదు. ఆయనకి ఈ డబ్బా ఏం చేస్తుంది చెప్పండి.

అందుకే కొనమని నేను చెప్పను. రుచి ఇష్టమైతే మీ ఇష్టం, జ్ఞాపకశక్తి కోసమైతే వద్దు, అందులోనూ 0.8 గ్రాముల చెంచా పెట్టి ఆ మాట రాసినవాళ్ల దగ్గర అసలొద్దు. నాన్న పదహారో రోజు అల్లం టీకి వెళ్లిపోయారు. మిగిలిన పొడి ఫ్రిజ్‌లో ఉంది. చెంచాని మాత్రం అమ్మ ఇంగువ డబ్బాలో వేసుకుంది, దానికి సరిగ్గా సరిపోయింది.